గోరంత కంచు

మా అల్లుడు నా అరచేతిలో పెట్టినదాన్ని చూసి చొక్కా గుండీ ఊడిందేమో అనుకున్నాను. అంతే ఉంది. ముదురాకుపచ్చ రంగు, ఒక పక్క అంచు కత్తిరించినట్టు తెగి ఉంది. బరువు గ్రామున్నరట, చేతికి తెలియనే లేదు.

"మామయ్యా, మీరు ముప్పై ఏళ్లు సండే స్కూల్లో చెప్పిన కాసు ఇదే" అన్నాడు.

న్యూజెర్సీలో జనవరి నెల. రిటైరయ్యాక మొదటిసారి కూతురి దగ్గర ఆరు నెలలు ఉందామని వెళ్లాను. పొద్దున్నే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతే సాయంత్రం దాకా ఇంట్లో నేనూ, నా ఫోనూ. బయట మంచు. ఆ ఫోన్‌లో రోజుకు కొన్ని వందల బొమ్మలు వేలితో పైకి తోసేవాణ్ణి. రాత్రి పడుకునేటప్పుడు వాటిలో ఒక్కటి గుర్తు చేసుకుందామంటే గుర్తొచ్చేది కాదు. ఈ పుస్తకంలో ఇంతవరకూ మాట్లాడటం గురించి రాశాను, వినడం గురించి రాశాను. చూడటం గురించి రాసే ధైర్యం మాత్రం నాకు ఆ గుండీ అంత కంచు ముక్క దగ్గర ఆరు వారాలు కూర్చున్నాకే వచ్చింది.

ముందు కాసు సంగతి చెప్పాలి. యెరూషలేము దేవాలయంలో కానుక పెట్టె దగ్గర ఒక బీద విధవరాలు రెండు కాసులు వేసిన కథ మార్కు, లూకా సువార్తల్లో ఉంది. గుంటూరు పక్కన మా ఊళ్లో ఆ కథ చెబుతుంటే ఒక ఆదివారం ఆరేళ్ల పాప లేచి నిలబడింది. "రెండు కాసులుంటే ఆవిడ బీదదెట్లా అవుద్ది సార్?" అని అడిగింది. పాపకు తెలిసిన కాసు వాళ్ల నాయనమ్మ బీరువాలోని బంగారు కాసు. "అది వేరే కాసమ్మా" అని దాటేశాను. ఆ వేరే కాసు ఎట్లా ఉంటుందో నాకూ తెలియదు. ముప్పై ఏళ్లు చెప్పిన కథలో ఉన్న ఒకే ఒక్క వస్తువును నేనెన్నడూ చూడలేదు, చూడాలని కూడా అనుకోలేదు.

సువార్త రాసిన గ్రీకులో ఆ నాణెం పేరు లెప్టాన్. రెండు లెప్టాన్లు ఒక రోమన్ క్వాడ్రాన్సుకు సమానమని మార్కు లెక్క కూడా చెప్పాడు. యూదుల చిన్న కంచు నాణేన్ని ప్రూటా అంటారు. మా అల్లుడు తెచ్చింది యూదయ రాజు అలెగ్జాండర్ యన్నాయ్ కొట్టించిన ప్రూటా. ఆయన ఏలిన కాలం క్రీ.పూ. 104 నుంచి 76 వరకు. ఆ విధవరాలు వేసినవి ఈ రకానివే అనడానికి రుజువు లేదు, కాసు మీద ఏ గుర్తుందో సువార్త చెప్పదు. యన్నాయ్ ఈ చిల్లర కంచును విస్తారంగా కొట్టించాడు. ఆయన పోయాక నూరేళ్లకు, అంటే ఏసు కాలానికీ, అది ఇంకా చేతులు మారుతూనే ఉంది. ఆ తర్వాతి శతాబ్దాల మట్టి పొరల్లో కూడా దొరుకుతోంది. అందుకే నాణేలు సేకరించేవాళ్లు దానికి విధవరాలి కాసు అనే పేరు ఖాయం చేశారు.

అల్లుడు ఆఫీసుకు వెళ్లాక కిటికీ దగ్గర కూర్చుని చూశాను. ఒక పక్క లంగరు. రెండో పక్క చక్రం. నోట్‌బుక్‌లో "లంగరు, చక్రం" అని రాసి మూసేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చూడటం అయిపోయిందనే అనుకున్నాను.

అది చక్రం కాదు. మూడు రోజుల తర్వాత అల్లుడి పుస్తకాల అరలోంచి ఒక నాణేల గ్రంథం తీస్తే తెలిసింది. అది ఎనిమిది కిరణాల నక్షత్రం. దాని చుట్టూ ఉన్న వలయం రాజులు నుదుటికి కట్టుకునే పట్టీ. వెనకటి కాలపు సేకర్తలు చాలామంది దాన్ని చక్రమనే రాశారట. వాళ్ల సంగతి నాకు తెలియదు కానీ, నాకు అట్లా కనిపించడానికి కారణం మాత్రం తెలుసు. పుట్టినప్పటి నుంచి జెండా మీద చక్రాన్ని చూసిన కళ్లివి. గుండ్రంలో గీతలు కనిపిస్తే చాలు, మిగతాది బుర్రే పూర్తి చేసేసింది. మళ్లీ నాణెం తీసి చూశాను. చక్రానికైతే ఆకులు కమ్మెను తాకాలి. ఇక్కడ తాకడం లేదు. ఆకులన్నీ వచ్చి చేరేచోట ఇరుసు పట్టే కుంభం ఉండాలి. ఇక్కడ చిన్న చుక్క మాత్రమే ఉంది. పైగా గీతల మధ్య ఖాళీల్లో పురుగు కాళ్లలాంటి గుర్తులేవో ఉన్నాయి. ఇవన్నీ మొదటి రోజు కూడా నా కళ్ల ముందే ఉన్నాయి. "చక్రం" అన్న మాట రాసిన క్షణంలో అవి కనిపించడం మానేశాయి.

ఈ అధ్యాయంలో నేను మీకు అందించాలనుకుంటున్న సాధన అక్కడే మొదలైంది. పేరు పెట్టడం వాయిదా వేయాలి. వినడానికి తేలిక. చేసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

నేను చేసిన పద్ధతి ఇది. రోజూ ఒకే వేళకు పది నిమిషాలు నాణేన్ని చూసి బొమ్మ గీయడం. బొమ్మ బాగుండాల్సిన పని లేదు. గీసిన దాని పక్కన మాటలు రాయొచ్చు కానీ కొన్ని మాటలకే అనుమతి: గీత, చుక్క, వంపు, మిట్ట, పల్లం, అరుగుదల. "నక్షత్రం", "రాజు", "పూజ" లాంటివి వారం దాకా నిషేధం. వెలుతురు పైనుంచి పడితే నాణెం చదునుగా కనిపిస్తుంది. అందుకని ఫోన్ టార్చిని బల్ల మీద పడుకోబెట్టి, నాణెం మీద పక్క నుంచి వెలుతురు ఏటవాలుగా పడేట్టు పెట్టాను. అప్పుడు అరిగిన మిట్టలకు కూడా నీడ వస్తుంది. నాణేన్ని గడియారం ముల్లులా కొంచెం కొంచెం తిప్పుతూ పోతే ఒక్కో కోణంలో ఒక్కో గీత లేస్తుంది. అయిదో రోజున పురుగు కాళ్లు అక్షరాలయ్యాయి. అవి పాత హీబ్రూ అక్షరాలు. పుస్తకంతో పోల్చుకున్నాక అర్థం తెలిసింది: "రాజు యెహోనాతాను". యన్నాయ్ హీబ్రూ పేరు అదే. లంగరు వైపు గ్రీకులో "రాజైన అలెగ్జాండర్‌ది" అని ఉంటుంది. మనిషొక్కడే. ఒక పక్క తన జనం కోసం ఒక పేరు, రెండో పక్క బయటి లోకం కోసం ఇంకో పేరు.

ఆ పాత అక్షరాల దగ్గర కొంచెం ఆగాలి. అప్పటికి యూదులు రోజువారీ రాతకు వాడేది వేరే లిపి, అరమేయుల నుంచి వచ్చిన నలుచదరపు లిపి. నాణెం మీద మాత్రం శతాబ్దాల కిందటి, తమ పాత రాజుల కాలపు లిపి వేసుకున్నారు. మనం ఇవాళ్టి రూపాయి మీద వేంగి చాళుక్యుల శాసనాల అక్షరాల్లో రాసుకుంటే ఎట్లా ఉంటుందో అట్లాంటిది. సంతలో కూరగాయలు కొనే మనిషి దాన్ని చదవగలిగేవాడో లేదో, చూడగానే మనది అని మాత్రం అనుకునేవాడు.

ఇంకో ప్రశ్న నన్ను చాలా రోజులు పట్టుకుంది. నా నాణెం మీద లంగరు కొన ఎందుకు లేదు? అరిగిపోయిందేమో అనుకున్నాను. కాదు, అసలు పడనే లేదు. ఈ నాణేలు తయారుచేసిన తీరు తెలిస్తే విషయం తేలుతుంది. మెత్తటి సున్నపురాయి పలక మీద వరసగా చిన్న చిన్న గుంటలు తొలిచి, గుంటకూ గుంటకూ మధ్య సన్నటి కాలువ తీసేవారు. కరిగించిన కంచు పోస్తే బిళ్లలన్నీ ఒకదానికొకటి అతుక్కుని గొలుసులా వచ్చేవి. అట్లాంటి రాతి పలకలు యెరూషలేములోనూ ఇతర చోట్లా తవ్వకాల్లో దొరికాయి. ఒక్కో బిళ్లనూ కింది అచ్చు మీద పెట్టి, పైన రెండో అచ్చు ఆనించి సమ్మెటతో ఒక్క దెబ్బ వేసేవారు. గొలుసును తెంచేసిన గుర్తే నా నాణెం అంచున కనిపిస్తున్న కోత. అచ్చు బిళ్ల కంటే పెద్దది. దెబ్బ కాస్త పక్కకు పడిందంటే సగం బొమ్మ గాలిలో కలిసినట్టే. అందుకే ఏ ఒక్క ప్రూటా మీదా పూర్తి బొమ్మ దొరకడం అరుదు. పది నాణేలు పక్కపక్కన పెట్టుకుంటే ఒకదానిలో లేనిది ఇంకోదానిలో కనిపించి, అచ్చు మీద ఏముండేదో తెలుస్తుంది. ఈ విషయం తెలిసిన రోజున నేను గీసిన పాత బొమ్మలు తిరగేశాను. నాలుగు చోట్ల లంగరు కొనను నేనే కల్పించి గీసేశాను. అది లేదని కన్ను చెబుతున్నా చెయ్యి గీసింది.

ఇప్పుడు లేనిదాన్ని చూడటం గురించి. మన భాషలో నాణేనికి రెండు పక్కలు: బొమ్మ, బొరుసు. బొమ్మ అంటే ముఖం, రాజు ముఖం. నా నాణేనికి బొరుసే తప్ప బొమ్మ లేదు. తిప్పితిప్పి చూసినా మనిషి ముఖం లేదు. చుట్టుపక్కల గ్రీకు రాజులంతా తమ ముఖాలు, తమ దేవుళ్ల ముఖాలు నాణేల మీద వేయించుకుంటున్న కాలంలో యన్నాయ్ వంశస్థులు, అంటే హాస్మోనీయులు, ఆ పని చేయలేదు. విగ్రహాన్ని చేసుకోవద్దన్న పది ఆజ్ఞల నియమం అందుకు కారణమని పండితులు చెబుతారు, నాకూ అది సబబుగానే ఉంది. అయితే అక్కడితో ఆగితే మళ్లీ పేరు పెట్టి మూసేసినట్టే. ఎందుకంటే అదే యెరూషలేము దేవాలయంలో పన్ను కట్టడానికి ఒప్పుకున్న వెండి నాణెం తూరు పట్టణానిది. దాని మీద ఒక పక్క మెల్కార్ట్ అనే అన్యదేవుడి తల, రెండో పక్క గద్ద. వెండి నాణ్యత బాగుందని ఆ నాణేన్ని తీసుకున్నారు. అంతకు ముందు పారసీకుల ఏలుబడిలో యూదయలో కొట్టిన అతిచిన్న వెండి నాణేల మీద కూడా ముఖాలున్నాయి. కాబట్టి ముఖం లేకపోవడం ఆ జాతికి పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు. హాస్మోనీయులు తమ సొంత కంచు మీద తీసుకున్న నిర్ణయం. నిర్ణయాలు ఎప్పుడూ ఉన్నవాటిలో మాత్రమే కనిపించవు.

మరి ముఖం తీసేసిన చోట ఏం పెట్టారు? యన్నాయ్ తండ్రి యోహాను హిర్కానస్ ప్రూటాల మీద పళ్లతో నిండిన జంట కొమ్ములుంటాయి. ఆ కొమ్ము గ్రీకుల సమృద్ధి గుర్తు, మనకు పూర్ణకుంభం ఎట్లాగో వాళ్లకు అది అట్లా. కానీ రెండు కొమ్ముల నడుమ ఒక దానిమ్మకాయ ఉంది. దానిమ్మ యూదుల పండు. వాగ్దాన దేశపు ఏడు పంటల్లో అదొకటి, ప్రధాన యాజకుడి అంగీ అంచుకు కుట్టినదీ అదే. పరాయి కొమ్ములు తీసుకుని నడుమ తమ కాయ పెట్టుకున్నారు. లంగరు కూడా పరాయిదే. వాళ్లను అంతకు ముందు ఏలిన సెల్యూసిడ్ గ్రీకు రాజుల వంశచిహ్నం అది. క్రీ.పూ. 132, 130 మధ్య ఆ రాజుల్లో ఒకడైన ఏడో ఆంటియోకస్ పేరుతో యెరూషలేములో కొట్టిన నాణెం మీద ఒక పక్క లంగరు, ఒక పక్క యెరూషలేము లిల్లీ పువ్వు ఉన్నాయి. మచిలీపట్నం, కాకినాడ తెలిసిన మనకు లంగరు చూడగానే సముద్రం గుర్తొస్తుంది. యన్నాయ్ తీర పట్టణాలు గెలిచాడు కాబట్టి ఆ అర్థమూ కొంత ఉండొచ్చు. కానీ చూసినవాళ్ల మనసులో ముందు మెదిలింది పాత దొరల ముద్ర అయి ఉంటుంది.

సాధనలో రెండో మెట్టు పోల్చడం. ఒక్క వస్తువును ఎంతసేపు చూసినా కొన్ని సంగతులు చెప్పదు. దాని తోబుట్టువును పక్కన పెడితే చెబుతుంది. దీనికి నాకు దొరికిన అన్నిటికంటే మంచి పాఠం రోమన్ల మీద యూదుల మొదటి తిరుగుబాటు నాణేలు. క్రీ.శ. 66లో తిరుగుబాటు మొదలైంది. రెండో ఏట, మూడో ఏట కొట్టిన కంచు ప్రూటాలు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టుంటాయి: ఒక పక్క రెండు చెవుల కూజా, రెండో పక్క ద్రాక్ష ఆకు, "సీయోను స్వాతంత్ర్యం" అనే మాటలు (సీయోను అంటే యెరూషలేమే). అల్లుడి పుస్తకంలో ఆ రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి, మా మనవడికీ నాకూ పందెం పెట్టాను. ఎవరు తేడా ముందు పడతారో. ఎనిమిదేళ్ల వాడు అర నిమిషంలో పట్టేశాడు. "తాతా, దీనికి మూతుంది." రెండో ఏటి కూజాకు మూత లేదు, మూడో ఏటి కూజాకు ఉంది. ఆ మూత ఎందుకొచ్చిందో నేను చెప్పలేను, చెప్పాల్సిన అవసరం కూడా లేదు. చూసినవాడికి అది కనిపించింది.

నాలుగో ఏట మాటే మారిపోయింది. "సీయోను స్వాతంత్ర్యం" పోయి "సీయోను విమోచన కోసం" వచ్చింది. స్వాతంత్ర్యం చేతికొచ్చిందని చెప్పుకునే మాట. విమోచన ఎవరో వచ్చి విడిపించాలని కోరుకునే మాట. ఆ ఏడాది గడిచేసరికి రోమన్ సైన్యం నగరాన్ని చుట్టుముట్టింది, క్రీ.శ. 70లో దేవాలయం కాలిపోయింది. వెండి తక్కువ పడిన కాలం కాబట్టి నాలుగో ఏటి కంచు నాణేలు కొన్ని పెద్దవిగా, ఎక్కువ విలువతో కొట్టారు. వాటి మీద ఖర్జూరపు మట్టతో కట్టిన కట్టలు, మన మాదీఫలం జాతి పండు, రెండు బుట్టల మధ్య ఖర్జూర చెట్టు ఉంటాయి. మట్ట, పండు యూదుల పర్ణశాలల పండుగలో చేత పట్టుకునేవి. ఆ పండుగ చేసుకునేవాళ్లు మనకు దూరంగా లేరు. మా జిల్లాలోనే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదు కుటుంబాలున్నాయి. ఆకలి, ముట్టడి ముంచుకొస్తున్న యెరూషలేములో అచ్చు చెక్కే మనిషి పండుగను చెక్కాడు. నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

అదే నేల మీద ఏసు కాలపు రోమన్ గవర్నర్ల ప్రూటాలు కూడా పోల్చి చూడదగ్గవి. క్రీ.శ. 6లో వచ్చిన కోపోనియస్ బార్లీ వెన్ను, ఖర్జూర చెట్టు వేశాడు. ఎవరికీ నొప్పి కలిగించని గుర్తులు. తర్వాతి వాళ్లు కూడా ఎక్కువగా ఆకులు, మట్టలతోనే సరిపెట్టుకున్నారు. వాళ్లలో ఒకడైన పిలాతు నాణేలు తీయండి. క్రీ.శ. 29, 30 మధ్య కొట్టిన దాని మీద ఒక గరిటె ఉంది. పొడుగు కాడ, చిన్న గిన్నె. మన ఇళ్లలో సంధ్యవార్చేవాళ్ల ఉద్ధరిణిని చూసినవాళ్లకు ఆ ఆకారంలో పోలిక వెంటనే తగులుతుంది. నిజంగానే అది రోమన్ యాజకులు దేవతలకు ద్రాక్షారసం ధార పోసే గరిటె. తర్వాతి రెండేళ్ల నాణేల మీద కొన వంకీ తిరిగిన కర్ర ఉంటుంది. రోమన్ శకునాలు చూసేవాళ్ల చేతికర్ర అది. యూదయ సంతలో యూదుడి చేతిలోకి వచ్చే చిల్లర మీద పరాయి పూజాసామగ్రి వేయించాడు. బుద్ధిపూర్వకంగా రెచ్చగొట్టాడా, తన చక్రవర్తిని మెప్పించాడా అని పండితులు వాదించుకుంటారు. ఏ కారణమైనా, ఆ గుర్తుల్ని రోజూ తాకక తప్పని జనం గురించి ఆయన పట్టించుకోలేదన్నది నా అభిప్రాయం.

పిలాతు తర్వాత కొన్నేళ్లకు రాజైన మొదటి అగ్రిప్ప ప్రూటా చూపిస్తే మా మనవడు "గొడుగు" అన్నాడు. చుట్టూ కుచ్చులున్న గొడుగు. వాణ్ణి పేరు వాయిదా వేయమందామనుకుని ఆగాను. అది గొడుగే, రాజఛత్రం. ఛత్రం అంటే రాజు అని తెలిసిన దేశం పిల్లవాడికి ఇక్కడ ముందే తెలిసినది పనికొచ్చింది. మన ఎరుక ఎప్పుడూ అడ్డం కాదు. తొందరే అడ్డం.

పోల్చడం వచ్చాక మూడోది, కింద ఉన్నదాన్ని చూడటం. యన్నాయ్ నాణేల్లో కొన్నింటిని మళ్లీ అచ్చు వేశారు. "రాజు యెహోనాతాను" అని ఉన్న బిళ్ల మీదనే "ప్రధాన యాజకుడు యోనాతాను, యూదుల సభ" అనే అచ్చు కొట్టారు. ఏటవాలు వెలుతురులో చూస్తే యాజకుడి అక్షరాల కింద రాజు అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. రాజరికం గురించి దేశంలో పెద్ద గొడవే జరిగిన కాలమది. క్రీ.శ. 132 నుంచి 135 దాకా రోమన్ల మీద బార్ కోఖ్బా నడిపిన తిరుగుబాటు నాణేలు మొత్తం ఇట్లాంటివే. సొంతంగా లోహం పోయకుండా, చెలామణిలో ఉన్న రోమన్ నాణేలనే తీసుకుని, కంచు నాణేల మీది బొమ్మను ఆకురాయితో అరగదీసి, తమ ఏడు మట్టల ఖర్జూర చెట్టు, ద్రాక్ష ఆకు అచ్చు కొట్టారు. కొన్నిటిలో అరగదీత సరిగ్గా పడక, ఖర్జూర చెట్టు మొదట్లో చక్రవర్తి ముక్కో గడ్డమో మిగిలిపోయింది. ఇవాళ్టి ఇజ్రాయెల్ 10 షెకెళ్ల నాణెం మీద ఉన్నదీ ఏడు మట్టల ఖర్జూర చెట్టే. 10 అగోరోత్ నాణెం మీది ఏడు కొమ్మల దీపస్తంభం హాస్మోనీయుల చివరి రాజు మత్తతియా అంటిగొనస్ క్రీ.పూ. 40, 37 మధ్య కొట్టించిన కంచు నుంచి తీసుకున్నది.

ఇది వ్యక్తిత్వ వికాస పుస్తకం కదా, నాణేల గొడవేమిటని కొందరికి అనిపించి ఉంటుంది. ఆ ఆరు వారాల్లో ఇంకొకటి జరిగింది, అది కూడా చెబుతాను. నేను వెళ్లిన మొదటి నెలలో మా అమ్మాయి సాయంత్రం ఇంటికొచ్చి నాతో మాట్లాడేది కాదు. దానికి నేను పెట్టుకున్న పేరు విసుగు. మా నాన్న వచ్చి కూర్చున్నాడు అని విసుగు. పేరు పెట్టేశాక ఇంకేమీ చూడలేదు, లోపల బాధపడుతూ ఫోన్ చూసుకునేవాణ్ణి. నాణెం సాధన మూడో వారంలోకి వచ్చినప్పుడు, అదే నోట్‌బుక్‌లో వెనక పేజీల్లో, అవే నియమాలతో రాయడం మొదలుపెట్టాను. "విసుగు" నిషేధం. చూసింది మాత్రమే. కారు వచ్చి ఆగిన వేళ 6:10. తలుపు తీసిన వేళ 6:25. మర్నాడు 6:05, 6:20. కారు ఆగాక పావుగంట అందులోనే కూర్చుంటోంది. నాలుగు రోజులు రాసుకున్నాక అయిదో రోజు నేనే వెళ్లి కారు అద్దం మీద తట్టి, పక్క సీట్లో కూర్చున్నాను. "ఎందుకమ్మా విసుగు" అని అడగలేదు. "రోజూ కాసేపు ఇక్కడ కూర్చుంటున్నావు కదమ్మా" అన్నాను. ఆ రోజు మేమిద్దరం కారు దిగేసరికి ఏడున్నర అయింది. అది చెప్పిన సంగతులు దానివి, ఇక్కడ రాయను. వాటిలో నా రాక గురించి ఒక్క మాట కూడా లేదు.

మీరు మొదలుపెట్టడానికి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, పాత నాణెం కొనక్కర్లేదు. ఇప్పుడే ఒక కాగితం తీసుకుని, చూడకుండా, పది రూపాయల బిళ్ల రెండు పక్కలా గీయండి. వేలసార్లు పట్టుకున్న వస్తువే. తర్వాత బిళ్ల తీసి పోల్చుకోండి. నేను పరీక్ష పెట్టిన పదకొండు మందిలో ఒక్కరికీ సరిగ్గా రాలేదు. రెండో రోజు బిళ్లను ఎదురుగా పెట్టుకుని, గీత, చుక్క, వంపు అనే మాటలతో గీయండి. వారం పాటు అదే బిళ్ల. వస్తువు మార్చొద్దు. మూడో రోజున విసుగొస్తుంది, కొత్తగా చూడటానికి ఏమీ లేదనిపిస్తుంది. అక్కడ వదిలేయకండి. నాకు అక్షరాలు కనిపించింది ఆ తర్వాతే.

హైదరాబాద్ చుట్టుపక్కల ఉంటే పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో నాణేల గదికి వెళ్లండి. శాతవాహనుల సీసం నాణేలు చూడండి. ఆ రాజులు యూదుల మొదటి తిరుగుబాటు, బార్ కోఖ్బా కాలాలకు సమకాలికులు. వాళ్లు ఏనుగును, రెండు కొయ్యల ఓడను చిల్లర మీద వేసుకున్నారు. గది మొత్తం చుట్టి రావద్దు. ఒక్క అద్దాల పెట్టె దగ్గర అరగంట నిలబడండి.

ఇంట్లో తాతల నాటి రాగి, కంచు నాణేలుంటే ఒక మాట. మన చేతులకు చింతపండు అలవాటు. పచ్చగా కిలుము కనిపిస్తే చింతపండు పెట్టి తళతళ తోమాలనిపిస్తుంది. దయచేసి తోమకండి. ఆ ముదురాకుపచ్చ పొర నాణేనికి చర్మం లాంటిది. గీతల మధ్య చీకటిని నిలిపి బొమ్మను చదివించేది అదే. పులుపుతో అది ఊడితే దానితో పాటు సన్నటి గీతలు కూడా పోతాయి, మళ్లీ రావు. లేతాకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం అది వేరే జబ్బు. ఆ నాణేన్ని మిగతావాటి నుంచి విడదీసి, పొడిగా ఉంచి, తెలిసినవాళ్లకు చూపించాలి. ఇంకోటి, వందేళ్లు దాటిన నాణేన్ని అనుమతి లేకుండా దేశం బయటికి తీసుకెళ్లడం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. విదేశంలో ఉన్న పిల్లలకు ఇద్దామని సంచిలో వేసుకోకండి. విధవరాలి కాసు పేరుతో అమ్మేవాటిలో పోత పోసిన నకళ్లు చాలా ఉంటాయి. అచ్చు కొట్టిన నాణెం మీద గీత పదునుగా లేస్తుంది, పోత నకలు మీద అన్నీ సబ్బు అరిగినట్టు మెత్తగా ఉంటాయి, అంచు చుట్టూ అతుకు గీత ఉంటుంది.

నా కాసును నేను ఇండియా తీసుకురాలేదు. అది మా అల్లుడి బల్ల సొరుగులోనే ఉంది. నోట్‌బుక్ తెచ్చుకున్నాను. అందులో నలభై ఒక్క బొమ్మలున్నాయి. చివరి బొమ్మ మా మనవడు గీశాడు. లంగరు కొన లేకుండా, సరిగ్గా ఉన్నంత వరకే గీశాడు.

జూన్‌లో ఊరొచ్చిన మొదటి ఆదివారం టైలర్ కొట్టుకు వెళ్లి గుప్పెడు చొక్కా గుండీలు అడిగి తెచ్చాను. రెండు కాసుల కథ చెప్పే ముందు ఒక్కో పిల్లకు రెండేసి గుండీలు ఇచ్చి, కాసు ఇంత ఉంటుంది అన్నాను. గదంతా నిశ్శబ్దం. పిల్లలు గుండీలను అరచేతిలో తిప్పి తిప్పి చూస్తున్నారు. వెనక వరసలో ఒక పిల్లవాడి చేతిలోంచి ఒకటి జారి చాప కింద పడింది. వాడు ఏడుపు మొహం పెట్టాడు. కథ పక్కన పెట్టి, అందరం మోకాళ్ల మీద కూర్చుని వెతకడం మొదలుపెట్టాం.